ఆగమని చెప్పడం వేరు, ఆపేయడం వేరు

మా ఆఫీసు కేవీఎం సర్వర్లకు (ఒకే కంప్యూటర్ మీద చాలా వర్చువల్ మెషిన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్లు, నడిపేవి) ఒక అడ్మిన్ ప్యానెల్ రాసే పని నాకు వచ్చింది. వర్చువల్ మెషిన్ ఆపడానికి అందులో ఒకే బటన్ పెట్టాను: ‘స్టాప్’. నొక్కగానే, ఆ మెషిన్లను అదుపు చేసే లిబ్‌వర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌కు షట్‌డౌన్ కాల్ వెళ్తుంది. 60 సెకన్లలో మెషిన్ ఆగకపోతే, బలవంతంగా ఆపేసే డిస్ట్రాయ్ కాల్. టెస్ట్ మెషిన్లన్నీ చటుక్కున ఆగిపోయేవి కాబట్టి ఆ అంకె గురించి మళ్లీ ఆలోచించలేదు.

ఒక రాత్రి మెయింటెనెన్స్‌లో డేటాబేస్ మెషిన్ మీద ఆ బటన్ నొక్కారు. మెమరీలోని పేజీలు ఇంకా డిస్కుకు రాస్తుండగానే గడువు తీరింది. డిస్ట్రాయ్ అంటే డిస్కును చెరిపేయదు గానీ, కరెంటు తీగ పీకేసినట్టే. డేటా పోలేదు. కానీ మళ్లీ ఆన్ చేశాక రికవరీ పూర్తయ్యేదాకా అందరం ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం.

మర్నాడు డాక్యుమెంటేషన్ మొదటినుంచీ చదివాను. షట్‌డౌన్ కాల్ సక్సెస్ అని తిరిగొస్తే మెషిన్ ఆగిందని కాదు, ఆగమన్న కబురు పంపామని మాత్రమే. ఏసీపీఐ (పవర్ విషయాల్లో హార్డ్‌వేర్, ఓఎస్ మాట్లాడుకునే ప్రమాణం) దారిలో వెళ్తే అది పవర్ బటన్ ఒకసారి నొక్కినట్టు. వినాలా వద్దా అన్నది లోపలి ఓఎస్ ఇష్టం. బూట్ మధ్యలో ఉంటే అసలు పట్టించుకోకపోవచ్చు. సర్వీసులను మొదలుపెట్టి ఆపే సిస్టమ్‌డీ ఉన్న లినక్స్ అయితే ఒక్కో సర్వీసు ఆగడానికి మామూలుగా 90 సెకన్ల దాకా ఇస్తుంది. నేను మొత్తం మెషిన్‌కు ఇచ్చింది 60!

అందుకే బటన్‌ను రెండుగా విడదీశాను: ‘ఆగమని చెప్పు’, ‘కరెంటు తీసెయ్’. రెండోది తనంతట తాను ఎప్పుడూ జరగదు. మెషిన్ పేరు టైప్ చేస్తేనే పనిచేస్తుంది. కబురు ముందు గెస్ట్ ఏజెంట్ (మెషిన్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్) ద్వారా పంపి, అది లేకపోతేనే ఏసీపీఐకి వెళ్తాం.

ఇక్కడితో అయిపోయిందనుకుంటే ఆపరేషన్స్‌లోని కుర్రాడు అడిగాడు: “అన్నా, ఆగిందో లేదో తెలియడానికి మాటిమాటికీ రిఫ్రెష్ కొట్టాలా?” నిజమే, నొక్కిన మనిషిని చీకట్లో వదిలేశాను. ఓపిక నశించి జనం కరెంటు తీసేది అక్కడే. లిబ్‌వర్ట్ పంపే ఈవెంట్లు వింటూ ‘ఆగుతోంది, 1 నిమిషం 40 సెకన్లు’ అని కదిలే వరుస పెట్టాను. నాకు అన్నిటికన్నా నచ్చిన మార్పు ఇదే.

గడువును మెషిన్ మెషిన్‌కూ వేరుగా పెట్టుకోవచ్చు. అది దాటితే హెచ్చరిక వస్తుంది, అంతే. డేటాబేస్ మెషిన్‌కు 10 నిమిషాలు పెట్టాం.