కూడదంటే కూడదు

నాలుగేళ్లుగా టోక్యోలో ఉంటున్నాం. ఇండియా నుంచి చుట్టాలెవరొచ్చినా సమురాయ్‌లవి ఏమైనా చూపించమంటారు. మ్యూజియంకి తీసుకెళ్లి కవచాలూ కత్తులూ చూపించి పంపేస్తుంటాం. ఆ మనుషులు ఏం నమ్మి బతికారో తెలియాలంటే మాత్రం ఐజు-వకమత్సు అనే ఊరు వెళ్లాలని మా పై అంతస్తు పెద్దావిడ ఎప్పటినుంచో చెబుతోంది. నవంబరు మొదటి వారంలో నాకూ మావాడికీ కలిసి రెండు రోజులు సెలవు దొరికింది. వాడికి ఈమధ్యే పదిహేను నిండాయి.

షింకాన్‌సెన్ బుల్లెట్ రైల్లో కోరియామా వరకు వెళ్లి, అక్కడ చిన్న రైలు ఎక్కాం. దారంతా ఎర్రబారిన కొండలు. కుడివైపు బందాయ్ కొండ చాలాసేపు మాతోనే వచ్చింది.

ఊళ్లో ఎక్కడ చూసినా ఒకటే వాక్యం. గోడల మీద, దుకాణాల్లో అమ్మే తువ్వాళ్ల మీద కూడా. 'నరను కొతొ వ నరను మొనొ దెసు.' మావాడు చదివి, "చెయ్యకూడనివి చెయ్యకూడనివే అని అర్థమమ్మా" అన్నాడు. నాకు మా అమ్మమ్మ గొంతు వినిపించింది. చిన్నప్పుడు మేం ఎంత వాదించినా ఆవిడ చివరికి "కూడదంటే కూడదు" అనేది. ఇక దానిమీద మాట ఉండేది కాదు.

ముందు త్సురుగా కోటకి వెళ్లాం. తెల్లటి గోడల మీద ఎర్రటి పెంకులు. మామూలు పెంకు నీళ్లు పీల్చుకుని, ఇక్కడి చలికి గడ్డకట్టి పగిలిపోతుందట. అందుకని మెరుగు పూసి కాల్చిన ఎర్ర పెంకులు వాడారు. ఇప్పుడు నిలబడి ఉన్నది 1965లో కాంక్రీటుతో కట్టింది. అసలు కోటని 1874లో కూల్చేశారు. ఎందుకు కూల్చారో తెలియాలంటే ఇంకా వెనక్కి, 1668కి వెళ్లాలి.

అప్పుడు ఐజు సంస్థానానికి ప్రభువు హోషినా మసయుకి. మూడో షోగున్‌కి సవతి తమ్ముడు. షోగున్ అంటే చక్రవర్తి పేరు మీద దేశాన్ని ఏలే సేనాధిపతి. తన వంశానికి 15 సూత్రాలు రాసిపెట్టాడు. మొదటిది ఇది: షోగున్‌ని మనస్ఫూర్తిగా సేవించాలి, మిగతా సంస్థానాలు ఏం చేస్తున్నాయో చూసి మన నడత తేల్చుకోకూడదు. నా తరవాత వచ్చే ప్రభువు ద్రోహం తలపెడితే వాడు నా వారసుడు కాదు, మీరు వాడి మాట వినొద్దు.

సమురాయ్ ధర్మం అనగానే దేశమంతటికీ ఒకటే గ్రంథం ఉండేదనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి ఏ సంస్థానం పాఠాలు దానివే. ఐజు వాళ్లకి ఆ 15 సూత్రాలే శిరోధార్యం.

1862లో క్యోటో నగరంలో హత్యలు పెచ్చుమీరి, అక్కడ శాంతిభద్రతలు చూసుకోమని షోగున్ ప్రభుత్వం ఐజు ప్రభువు మత్సుదైరా కతమోరిని అడిగింది. అప్పటికి ఆయనకి 26 ఏళ్లు. కట్టెల మోపు ఎత్తుకుని మంటలార్పడానికి పోయినట్టుంటుంది, వద్దని మంత్రి సైగో తనోమో వారించాడు. కానీ మొదటి సూత్రం అడ్డొచ్చింది. కతమోరి వెళ్లాడు. అక్కడ ఆయన పనికి మెచ్చి కోమేయ్ చక్రవర్తి స్వయంగా ఉత్తరం రాశాడు. తీరా 1868 వచ్చేసరికి ఆ చక్రవర్తి లేడు, షోగున్ అధికారం వదులుకుని లొంగిపోయాడు, ఐజు మీద రాజద్రోహి అన్న ముద్ర పడింది. చక్రవర్తి పేరుతో ఏర్పడిన కొత్త ప్రభుత్వం సైన్యంతో వచ్చి ఐజుని ఓడించింది. కోటని కూల్చింది అందుకే. కతమోరి ఆ ఉత్తరాన్ని వెదురు గొట్టంలో పెట్టుకుని చనిపోయేదాకా ఒంటిమీదే ఉంచుకున్నాడట. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది. ఎవరికి చూపించుకోవాలి ఆ కాగితాన్ని?

మధ్యాహ్నం టాక్సీలో నిస్షిన్‌కాన్‌కి వెళ్లాం. 1803లో పెట్టిన సమురాయ్ పిల్లల బడి ఇది. యుద్ధంలో కాలిపోతే, 1987లో ఊరి బయట మళ్లీ కట్టారు. పదేళ్లకి ఇందులో చేరేవాళ్లు. చదువు, విలువిద్య, గుర్రపుస్వారీ, ఆఖరికి ఈత నేర్పడానికి కొలను కూడా ఉంది.

అయితే నన్ను పట్టుకున్నది బడికి ముందు జరిగే చదువు. ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు పదిమంది చొప్పున జట్టు కట్టి, రోజూ ఎవరో ఒకరి ఇంట్లో చేరేవాళ్లు. వాళ్లలో పెద్దవాడు ఏడు నియమాలు ఒక్కొక్కటీ చెబుతుంటే మిగతావాళ్లు తల వంచేవాళ్లు. పెద్దల మాట దాటకూడదు, అబద్ధమాడకూడదు, పిరికిపని చేయకూడదు, బలహీనుల్ని వేధించకూడదు, వీధిలో తినకూడదు... అన్నీ అయ్యాక ఆ ఊరంతా రాసి ఉన్న వాక్యం. తరవాత, ఎవరైనా నియమం తప్పారా అని విచారణ. శిక్ష కూడా పిల్లలే వేసేవాళ్లు. పెద్ద తప్పయితే వెలి.

బలహీనుల్ని వేధించకూడదు అన్నదాన్ని ఆరేళ్లకే, తోటి పిల్లల చేతే చెప్పించడం నాకు చాలా నచ్చింది. ఏడో నియమం నచ్చలేదు. వీధిలో ఆడవాళ్లతో మాట్లాడకూడదట. ఆ ఆడవాళ్లే కదా ఊరి మీదికి సైన్యం వచ్చినప్పుడు ముందుకొచ్చింది! నకనో తకెకో నగినాత, అంటే పొడవాటి కర్రకి కత్తి బిగించిన ఆయుధం, పట్టుకుని పోరాడి, తుపాకీ గుండుకి పడిపోయింది. యమమోతో యాయె జుట్టు కత్తిరించుకుని కోటలో తుపాకీ పేల్చింది. సైగో తనోమో ఇంట్లోనైతే, కోటలో తిండికి భారం కాకూడదని, శత్రువుకి చిక్కకూడదని, పసిపిల్లలతో సహా 21 మంది ప్రాణాలు తీసుకున్నారు. దాని గురించి నేను ఎక్కువ రాయలేను.

రెండో రోజు పొద్దున్నే ఈమోరియామా కొండ. ఆ పేరుకి పోగుపోసిన అన్నం అని అర్థం. దూరం నుంచి అలాగే ఉంటుంది. పక్కన ఎస్కలేటర్ లాంటిది ఉన్నా మెట్ల మీదుగానే ఎక్కాం.

ఈ కొండ పేరు చెప్పగానే గుర్తొచ్చేది ఐజు సైన్యంలోని బ్యక్కోతాయ్, అంటే తెల్లపులి దళం. వాళ్ల లెక్కలో 16, 17 ఏళ్ల పిల్లలు. పుట్టగానే ఒక ఏడాది అని లెక్కేసేవారు కాబట్టి, మన లెక్కలో 15, 16. 1868 అక్టోబరులో వానలో తడుస్తూ పోరాడి, ఓడి, కొండ కింద తవ్విన నీటి సొరంగంలోంచి నడిచి ఇటు తేలారు ఇరవై మంది. ఆ సొరంగం ఇప్పటికీ ఉంది. నల్లటి రాతి నోట్లోంచి నీళ్లు హోరున వస్తున్నాయి. మావాడు వంగి చెయ్యిపెట్టి వెంటనే తీసేశాడు. అంత చల్లన.

పైన వాళ్లు చనిపోయిన చోట ఒక కుర్రాడి విగ్రహం ఉంది, కంటికి చెయ్యి అడ్డంపెట్టుకుని దూరంగా చూస్తూ. మేమూ అలాగే చూశాం. ఇళ్ల మధ్య కోటని వెతకడానికి చాలాసేపు పట్టింది. చిన్న తెల్ల చుక్క. ఆరోజు ఆ చుట్టూ ఊరు తగలబడుతోంది. పొగ చూసి కోట పోయిందనుకుని కత్తులతో ప్రాణాలు తీసుకున్నారని చెబుతారు. కోట పోలేదు. ఇంకో నెలరోజులు నిలిచింది.

బతికిన ఒక్కడు, ఈనుమా సదాకిచి, ముసలితనంలో చెప్పిన దాంట్లో ఇంకో మాట ఉంది. కోటకి వెళ్దామా, శత్రువు మీద పడదామా అని వాదించుకున్నారట. దారిలో పట్టుబడితే ప్రభువుకి తలవంపులని చివరికి ఈ దారి ఎంచుకున్నారట. పొరపాటున చనిపోయారనుకుంటే ఏడుపొస్తుంది. తలవంపులకి భయపడి చనిపోయారంటే కోపం వస్తుంది. పిల్లల మీద కాదు, ఆరేళ్ల నుంచీ అలా పెంచినవాళ్ల మీద. దీన్ని గొప్ప త్యాగమని నేను మావాడికి చెప్పలేదు, చెప్పను కూడా.

వరసగా 19 సమాధులు. అగరువత్తుల పొగ కళ్లు మండించేంత దట్టంగా ఉంది. మావాడు ఒక్కో రాయి ముందూ ఆగి పేరూ వయసూ చదివాడు. సగం దాకా గట్టిగా చదివి, తరవాత లోపలే చదువుకున్నాడు.

ఈనుమా సమాధి వాళ్లకి కాస్త దూరంగా ఉంది, 1957లో కట్టారు. గొంతులో కత్తి దించుకున్నా ప్రాణం పోలేదు. అటు వచ్చిన ఒక మామూలు సైనికుడి ఇంటి ఆవిడ కాపాడింది. తరవాత టెలిగ్రాఫ్ ఇంజనీరయ్యాడు. 1931 దాకా బతికాడు.

"ఇక్కడ ఎవరూ పెట్టలేదమ్మా" అన్నాడు మావాడు. మా కట్టలో నాలుగు వత్తులు మిగిలాయి. గాలికి రెండుసార్లు ఆరిపోయాయి. మూడోసారి వాడు జాకెట్ విప్పి అడ్డుపెట్టాడు, నేను వెలిగించాను.