తాబేలుకి జత తెచ్చేముందు

"ఒక్కటే ఉంటే దిగులు పడదా, ఇంకోటి తెచ్చేద్దామా?" తాబేలు పెంచేవాళ్లు దాదాపు అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఇలా అంటారు. నన్నడిగితే ఆ దిగులంతా మనదే. నేల తాబేళ్లు చాలావరకు ఒంటరిగా బతికేవే, జతకట్టే వేళకి కలిసి, ఆ తర్వాత దేని దారిన అది పోతుంది. అయినా తెస్తామంటే ముందు ఇంట్లో ఉన్నది మగదో ఆడదో తేల్చుకోండి.

అన్నిటికన్నా నమ్మదగ్గ గుర్తు తోక. మగదాని తోక పొడుగ్గా, మొదట్లో లావుగా ఉంటుంది, మలమూత్రాలు పోయే రంధ్రం కొస వైపుకి జరిగి ఉంటుంది. ఆడదానిది పొట్టి తోక, రంధ్రం చిప్పకి దగ్గర్లోనే. కింది చిప్ప లోపలికి గుంటపడి ఉంటే మగది అంటారు, చాలా జాతుల్లో నిజమే, ఆడదాని వీపు మీద నిలదొక్కుకోడానికి పనికొచ్చే గుంట అది, కానీ రష్యన్ తాబేళ్లలో మగవాటికీ అది పెద్దగా కనపడదు. సైజు చూస్తే ఇంకా తికమక: హెర్మన్, రష్యన్, నక్షత్ర తాబేళ్లలో ఆడవి పెద్దవి, సల్కాటా అనే ఆఫ్రికా తాబేళ్లలో మగవి పెద్దవి.

అరచేతిలో పట్టే పిల్లని చూపించి "గ్యారంటీగా ఆడదే" అని అమ్మేవాళ్ల మాట మాత్రం నమ్మకండి. గుడ్లు పొదిగిన వేడిని బట్టి, ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి పుడతాయన్నది నిజమే, అయినా ఆ లెక్కతో చెప్పేది అంచనాయే. సల్కాటా అయితే సుమారు 30 సెంటీమీటర్లు పెరిగేదాకా ఆగాల్సిందే. అన్నట్టు, స్నానం చేయిస్తున్నప్పుడు మగది ఒక్కోసారి ముదురు ఊదారంగు అవయవాన్ని బయటికి తీస్తుంది, మొదటిసారి చూసినవాళ్లు పేగులు జారాయని టెన్షన్ పడిపోతారు. కాసేపట్లో లోపలికి పోతే మగదని తేలిపోయినట్టే, పోకపోతే తడి ఆరకుండా చూస్తూ వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఇక కలిపి పెంచడం. రెండే రెండు పెట్టడం అంత చెడ్డ ఏర్పాటు ఇంకోటి లేదు. రెండూ మగవైతే గుద్దుకుంటాయి, ఒకదాన్నొకటి వెల్లకిలా పడేస్తాయి, అలా పడ్డది వెచ్చదనం కోసం పెట్టిన కరెంటు దీపం కింద ఉండిపోతే ప్రాణం పోవచ్చు. ఒక మగ, ఒక ఆడ అయితే మగది రోజంతా వెంటపడి కాళ్లు కొరుకుతుంది, ఆడదానికి తోక దగ్గర పుండ్లు పడతాయి. రెండూ ఆడవైతే కొట్లాట కనపడకపోవచ్చు, పెత్తనం మాత్రం నడుస్తుంటుంది: ఒకటి రెండోదాని వెనకే తిరుగుతుంది, దారికి అడ్డం పడుకుంటుంది, తిండి మీదెక్కి కూర్చుంటుంది. మనమేమో "ఎంత ప్రేమో చూడండి" అని ఫోటో పెడతాం! అణిగిపోయింది తిండి తగ్గించి, దాక్కుని, ఎదగడం మానేస్తుంది.

గుంపుగానే కావాలంటే ఒక మగదానికి మూడు నాలుగు ఆడవి, పెద్ద స్థలం, ఒకదానికొకటి కనపడకుండా మొక్కలో రాళ్లో అడ్డం, విడదీయడానికి ఇంకో గూడు సిద్ధంగా. కొత్తదాన్ని కొన్ని నెలలు వేరుగా ఉంచాలి. జాతులు కలపొద్దు, పైకి ఆరోగ్యంగా ఉన్న తాబేలు మోసే హెర్పిస్ వైరస్ ఇంకో జాతిదాన్ని చంపేయగలదు.

విడదీసినంత మాత్రాన పిల్లలు పుట్టవనుకోకండి, ఆడవి వీర్యాన్ని ఏళ్ల తరబడి దాచుకోగలవు. అసలు మగదాన్నే చూడని ఆడది కూడా గుడ్లు పెడుతుంది, తవ్వుకోడానికి లోతైన మట్టి లేకపోతే అవి లోపలే ఇరుక్కోవచ్చు. తిండి మానేసి, కుదురు లేకుండా తిరుగుతూ ఊరికే వెనకకాళ్లతో తవ్వుతుంటే ఎక్స్‌రే తీయించండి.