నీలం కింద ఎరుపు, ఎరుపు కింద పసుపు

సంక్రాంతికి ముందు కాజీపేటల ఇంటికి సున్నం వేయిద్దామని సజ్జ మీది సామాన్లన్నీ దించినం. గోనెసంచుల ఎనకకెల్లి హ్యాండిల్ కొస ఒకటి బయటికి వచ్చి ఉండె. గుంజి చూస్తే నా సైకిల్. నా బీఎమ్మెక్స్.

1990 దసరాకు, బాపుకు రైల్వే బోనస్ వచ్చినప్పుడు తెచ్చిండు. నాకప్పుడు తొమ్మిదేండ్లు. మరుసటేడు బతుకమ్మకు ఆ హ్యాండిల్‌కే సంచి తగిలేసుకుని కడిపికొండ దిక్కు పోయి అక్కకు తంగేడు పువ్వు తెచ్చిన. మా క్వార్టర్ల గల్లీల లావు టైర్లుండి, హ్యాండిల్‌కు అడ్డకడ్డీ ఉన్న ప్రతి చిన్న సైకిలూ బీఎమ్మెక్సే. 1970ల మొదట్ల కాలిఫోర్నియా పోరగాండ్లు మోటర్‌సైకిల్ రేసులు చూసి, మట్టి దిబ్బల మీద సైకిళ్లు ఎగిరిపిచ్చుడు మొదలువెట్టిన్రు. బీఎమ్మెక్స్, అంటే బైసికిల్ మోటోక్రాస్, అన్న పేరు అట్ల వచ్చిందే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌ల కూడా చేరింది. మాకైతే వడ్డేపల్లి చెరువు కట్టనే రేసు మైదానం.

ఇది హీరో సైకిలని ముప్పై ఏండ్ల సంది చెప్పుకుంటున్న. పెడళ్ల కాడి పళ్లచక్రంల హీరో అని కోసిన అక్షరాలుండె, ఇంక అనుమానం ఎందుకు? ముందు గొట్టం మీద బ్యాడ్జి మాత్రం లేదు, రివెట్లు కొట్టిన రెండు బొక్కలే మిగిలినయి. జర లోపలికి చూద్దామని 400 నంబర్ ఉప్పుకాగితం నీళ్లల్ల తడిపి, సీటు కింది గొట్టం మీద రూపాయి బిళ్లంత జాగ మెల్లగ రుద్దిన. పాత రంగును పొడిగ రుద్దొద్దు. అందుల సీసం ఉండొచ్చు, దుమ్ము ముక్కులకు పోతది.

ఉల్లిగడ్డ కోసినట్టు వలయాలు తేలినయి. అన్నిటికన్న బయట నీలం. అది నేనేసిందే, పదో తరగతిల, స్ప్రే డబ్బాతోని. దాని లోపల ఎరుపు, నేనెరిగిన ఎరుపు. అక్కడ అయిపోవాలె గదా? ఎరుపు కిందికెల్లి పసుపు వచ్చింది. దాని కింద ఇనుము. ఎరుపు పొరను భూతద్దం పెట్టి చూస్తే కుంచె గీతలు, ఒకచోట కుంచె వెంట్రుక ఒకటి రంగులనే అతుక్కుపోయి ఉంది. ఫ్యాక్టరీల సైకిల్‌కు కుంచెతోని రంగెయ్యరు.

రెండో రోజు కింది గొట్టం మీద పసుపుకు అంటుకున్న స్టిక్కర్ ముక్క బయటపడ్డది. మొదటి అక్షరం పోయింది, ‘ఎస్ఏ’ మిగిలింది. బీఎస్ఏ అన్నమాట. పేరు బర్మింగ్‌హామ్ తుపాకుల కంపెనీది, మన దేశంల చేసేది మద్రాసు అంబత్తూరుల 1949ల పెట్టిన టీఐ సైకిల్స్. హీరోది లూధియానా. అంటే చట్రం అంబత్తూరుది, పళ్లచక్రం లూధియానాది. కొత్త సైకిల్‌కు అట్ల ఉండదు.

అమ్మను అడిగిన. చిక్కుడుకాయ తుంపుతనే చెప్పింది.

"కొత్తదెక్కడిది రా? ఆ ఏడు బోనస్ల సగం అక్క ఫీజుకే పాయె. ఎవలో పాతది అమ్ముతుంటే తెచ్చిండు మీ బాపు. నువ్వు పన్నంక మూడు రాత్రులు ఎనక వసారల రంగేసిండు. నీకు చెప్పద్దన్నడు."

బాపు పోయి ఆరేండ్లాయె. ఆయన అన్న మాట అమ్మ ఇన్నేండ్లు దాటలేదు.

పౌడర్ కోటింగ్, అంటే పొడి రంగు చల్లి భట్టీల కాల్చుడు, చేసేటాయన ఫోటోలు చూసి, మొత్తం గీకి కంపెనీ పసుపే కొట్టిద్దాం సార్, పాత వస్తువుకు అసలు రంగుంటేనే విలువ అన్నడు. ఆయన లెక్కల అది నిజమే. కానీ ఈ సైకిల్‌కు నాకు తెల్సిన అసలు రంగు బాపు వేసిందే. భట్టీల పెడితే కొత్తగ మెరుస్తది, ఆ కుంచె వెంట్రుక మాత్రం ఉండదు. అందుకే కొత్త రంగు ముచ్చటనే వద్దనుకున్న. నీలం ఒక్కటే తీసి ఎరుపు కాడ ఆగుదామనుకున్న. 800 నంబర్ కాగితంతోని, రోజుకు జానెడు చొప్పున, అయిదు వారాలు పట్టింది. మలుపుల కాడ చెయ్యి కొంచెం ఎక్కువ పడి పసుపు కనపడ్డది. దాన్ని అట్లనే ఉంచి పైన మైనం పూసిన.

పెడల్ కాడలను ఇరుసుకు బిగించే కాటర్ పిన్నులు మటుకు నాతోని రాలేదు. చౌరస్తా కాడ చిన్నప్పుడు పంచర్లేసిన చాచా కొట్టు ఇంకా ఉంది. చాచా పిన్ను నట్టును పూర్తిగ ఊడదీయలేదు. పిన్ను కొసకు సమానంగ వచ్చేదాంక తిప్పి ఆపిండు. కాడ కింద గొట్టం ముక్క ఆనిచ్చిండు, పిన్ను తలకాయ ఆ బొక్కలకు వచ్చేటట్టు. అప్పుడు సుత్తెతోని ఒక్కటే దెబ్బ. నట్టు లేకుండ కొడితే మర నలిగిపోయి పిన్ను ఇంక ఎటూ రాదట. అదురు చట్రానికి పోకుండ ఆ గొట్టమే మోస్తదట. లోపలి ఛర్రలు, అంటే చిన్న ఇనుప గుండ్లు, గ్యాసునూనెల కడిగి చూస్తే సగం గుంటలు పడ్డయి. అన్నీ కొత్తవే వేయించిన, కొన్ని మార్చి కొన్ని ఉంచితే బరువు సమానంగ పడదు. రిమ్ము తుప్పుకు మాత్రం మందులేం అక్కర్లేదు. నీళ్లల్ల ముంచిన అల్యూమినియం రేకు ఉండజుట్టి రుద్దితే చాలు, క్రోమ్‌కు గీత పడకుండ తుప్పు లేస్తది.

టైర్ల కోసం తిరిగేటోళ్లకు ఒక మాట. 20 అంగుళాలని అడిగి తెచ్చుకోవద్దు. 20×2.125, 20×1.75 రెండూ 406 మిల్లీమీటర్ల రిమ్ముకే పడ్తయి. 20×1⅜ పట్టదు, దాని రిమ్మే వేరు. పాత టైర్ అంచు మీది అంకె మొత్తం రాసుకపోవాలె.

మొన్న ఆదివారం అక్క కొడుకు దాన్ని వడ్డేపల్లి కట్ట మీద తొక్కిండు. మోకాళ్లు హ్యాండిల్‌కు తగుల్తున్నయన్నడు, అయినా దిగలేదు. కొత్త కాటర్ పిన్ను కొన్ని కిలోమీటర్లు తిరిగినంక సర్దుకుని వదులైతదని చాచా ముందే చెప్పిండు. ఎడమ దిక్కుది అప్పుడే టక్ టక్ మంటున్నది. రేపు పొద్దున కొట్టు తెరవంగనే పోయి బిగించుకరావాలె.