సి-38 గ్రౌండ్ చిల్లు: మూడో వారం

పాత కంప్యూటర్ మదర్‌బోర్డులో కెపాసిటర్ కాలు దూరే ఒక చిల్లు పాత లెడ్‌తో (కాళ్లని అతికే సోల్డర్‌ని మేం లెడ్ అనే అంటాం) మూసుకుపోయింది. నిన్న రాత్రి మొదటిసారి ఆ చిల్లులోంచి వెలుతురు వచ్చింది! బోర్డు వెనక టార్చి పెడితే సూది మొనంత తెల్లటి చుక్క. మూడు వారాలుగా దానికోసమే చూస్తున్నాను. కానీ కెపాసిటర్ కాలు మందం 0.6 మిల్లీమీటర్లు. అది ఇంకా దూరడం లేదు.

బోర్డు బాబాయిది. గుంటూరు అరండల్‌పేటలో ఆయన డీటీపీ షాపు. ఏళ్లనాటి శుభలేఖల ఫైళ్లన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో ఉన్నాయి. అవి అక్షరం చెదరకుండా తెరుచుకునేది ఆ పాత ఎక్స్‌పీ కంప్యూటర్‌లోనే. ప్రాసెసర్ పక్కన ఐదు కెపాసిటర్లు పొంగిపోయాయి (1500 మైక్రోఫారడ్, 6.3 వోల్టులు). ఐదూ ఊడదీశాను. పది చిల్లుల్లో తొమ్మిది ఒక్క సాయంత్రంలో శుభ్రమయ్యాయి. పదోది సి-38 అనే కెపాసిటర్ గ్రౌండ్ (నెగటివ్) కాలిది.

మొదట 25 వాట్ల సోల్డ్రాన్ కంపెనీ సోల్డరింగ్ ఐరన్, కరిగిన లెడ్‌ని పీల్చే మామూలు పంపు. సోల్డ్రాన్ అంటే నాకు గౌరవం, రేడియో బోర్డుల మీద దానికి వంక పెట్టలేం. ఇక్కడ మాత్రం కింద లెడ్ కరుగుతుంది, పైన రాయిలా ఉంటుంది. పంపు కొడితే కింది సగం వచ్చి, మధ్యలో బిరడా మిగిలింది. అది ఇంకా నష్టం. చిల్లు నిండా లెడ్ ఉంటేనే వేడి ఇటునుంచి అటు చేరుతుంది, సగం ఖాళీ అయితే ఆ దారీ పోతుంది. కొత్త 63/37 లెడ్ (63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం) పోసి మళ్లీ నింపాను. ఫ్యాక్టరీవాళ్లు వేసింది సీసం లేని రకమే అయి ఉండాలి. అది 217 డిగ్రీల దాకా కరగదు, మనది 183కే కరుగుతుంది. రెండూ కలిస్తే పని సులువవ్వాలి. అయినా కాలేదు.

అప్పుడు కరెంటు మీద అనుమానం వచ్చింది. రాత్రి ఏడున్నరకి, అపార్ట్‌మెంట్‌లో ఏసీలన్నీ నడుస్తున్నప్పుడు మీటరు పెడితే 196 వోల్టులు. ఐరన్ వేడి వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్) బట్టి ఉంటుంది కాబట్టి 230 దగ్గర 25 వాట్లు ఇచ్చేది 196 దగ్గర 18 మాత్రమే ఇస్తుంది. మర్నాడు పొద్దున ఐదున్నరకి లేచి చూస్తే 232. అదే ఐరన్, అదే బిట్టు. రాత్రి తొమ్మిది సెకన్లు పట్టిన కింది లెడ్ నాలుగు సెకన్లలో కరిగింది. పైది నలభై సెకన్లు పెట్టినా కదల్లేదు. అంటే వోల్టేజీ తక్కువవడం నిజమే, అసలు రోగం అది కాదు.

విక్‌తో (కరిగిన లెడ్‌ని తాగే రాగి జడ) రెండు సాయంత్రాలు పోయాయి. చవక విక్ నల్లబడి ఉంది, ఫ్లక్స్ (లెడ్ బాగా అంటేలా చేసే పూత) పూసినా తాగలేదు. గూట్ విక్ 2.5 మిల్లీమీటర్లది బాగా తాగుతుంది, మిగతా తొమ్మిదింట్లో ఎక్కువ భాగం దాని చలవే. కానీ సి-38 దగ్గర విక్ కూడా వేడిని లాగేసి ప్యాడ్‌కి (చిల్లు చుట్టూ ఉండే రాగి వలయం) అతుక్కుపోయింది. రెండు సెంటీమీటర్ల ముక్కగా కత్తిరించి వాడితే కొంచెం నయం.

మెడికల్ షాపులో 23 గేజ్ ఇంజెక్షన్ సూదులు కొన్నాను, 0.64 మిల్లీమీటర్లు. స్టీలుకి లెడ్ అంటదు కాబట్టి కరిగిన లెడ్‌లో గుచ్చి తిప్పితే దారి మిగలాలి. సగం దాకా వెళ్లి బిగుసుకుంది. బలవంతంగా లాగలేదు, మళ్లీ వేడిచేసి తీశాను. డ్రిల్ పెట్టమని ఒకరిద్దరు చెప్పారు, నేను పెట్టను. చిల్లు గోడకున్న రాగి పూతే లోపలి పొరల్ని కలుపుతుంది. అది చిరిగితే బోర్డు పోయినట్టే.

ఇక 60 వాట్ల టెంపరేచర్ స్టేషన్ కొన్నాను. 3.2 చిసెల్ టిప్, 380 డిగ్రీలు. ఇరవై సెకన్లకి పైన లెడ్ మెరిసింది. టిప్ తీసి పంపు పెట్టేసరికి మధ్యలో గడ్డకట్టింది. 1.6 మిల్లీమీటర్ల బోర్డులో అర సెకనుకే! టార్చి వెలుతురులో మిగతా గ్రౌండ్ చిల్లుల చుట్టూ నాలుగు సన్నటి రాగి కాళ్లు నీడలా కనిపిస్తాయి. దీని చుట్టూ అవి లేవు, బోర్డు లోపలి గ్రౌండ్ రాగి రేకు నేరుగా చిల్లుకే అంటుకున్నట్టుంది. మనం ఇచ్చే వేడంతా ఆ రేకులోకే పారిపోతోందని నా ఊహ. పంపు ఎంత బలంగా పీల్చినా, లెడ్ కరిగి ఉండకపోతే ఏం లాభం?

అందుకే నిన్న పద్ధతి మార్చాను. బోర్డుని వైస్‌లో నిలువుగా బిగించి, హాట్ ఎయిర్ గన్ 150 దగ్గర పెట్టి దూరం నుంచి పది నిమిషాలు వేడిచేశాను. చిల్లు పక్కన థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) 108 డిగ్రీలు చూపించింది. అప్పుడు వెనక నుంచి ఐరన్ ఆనించి, తీయకుండానే ముందు నుంచి పంపు కొట్టాను. ఐదే సెకన్లు. టక్‌మని లెడ్ వచ్చింది, టార్చి పెడితే వెలుతురు! అరుపుకి పక్కగదిలోంచి అమ్మ వచ్చింది.

తర్వాత రెండుసార్లు అలాగే చేసినా చుక్క పెరగలేదు. ప్యాడ్ అంచు గోధుమరంగుకి తిరిగేసరికి ఆపేశాను. ప్యాడ్ లేచిపోతే మూడు వారాల పనీ వృథా. లోపలి పొరల దగ్గర లెడ్ ఉంగరంలా మిగిలి ఉంటుంది, దాన్ని కరిగించడానికి చిల్లులో ద్రవమే లేదు. నింపకుండా మళ్లీ కొట్టడమే నా తప్పు.

కరిగిన లెడ్‌లోకి కెపాసిటర్ కాలు నెట్టేయొచ్చు కానీ నాకు ఇష్టం లేదు, కొత్త కెపాసిటర్ ఉడికిపోతుంది. బిస్మత్ కలిపిన లెడ్ 138కే కరుగుతుంది, అదీ వద్దనుకున్నాను. మిగిలిన సీసంతో కలిస్తే 96 డిగ్రీలకే కరిగే మిశ్రమం తయారవుతుంది, ప్రాసెసర్ పక్కన అది ప్రమాదం.

బాబాయి నిన్న ఫోన్ చేసి, "ఏరా, పెళ్లిళ్ల సీజను వచ్చేస్తోంది" అన్నాడు. విజయవాడ గవర్నరుపేటలో కెపాసిటర్లు చూశాను. 105 డిగ్రీలని రాసి ఉంటే చాలదు, లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువ ఉండే) రకమే కావాలి. నిచికాన్ లేదా రూబికాన్ తెప్పిస్తాను.

ఇది అయ్యాక తాతయ్య టూ-ఇన్-వన్ (రేడియో, టేప్‌రికార్డరు) ఉంది. దాని బోర్డు ఒకే పొర, అక్కడ వేడి ఎక్కువైతే ట్రాక్ లేచిపోతుందని టెన్షన్.

ఆదివారం ప్లాన్: చిల్లు నిండా 63/37, బోర్డు 120 దాకా వేడి, ప్యాడ్ మీద ఐరన్ ఐదు సెకన్లకి మించకుండా. పొద్దున ఐదున్నరకే మొదలుపెడతాను, ఏసీలు ఆన్ అయ్యేలోపు.