ఆకే కదా అనుకున్నాం

మా చిన్నోడి వైద్యం ముగిసి ఏడాది దాటింది. ఇప్పటికి రాయగలుగుతున్నాను. అప్పట్లో ఆ రాత్రి గురించి మా వారితో కూడా మాట్లాడలేకపోయేదాన్ని.

మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పెద్ద జబ్బు చేస్తే విశాఖపట్నం. 2021లో, వాడికి ఐదేళ్ళప్పుడు, వదలని జ్వరం, కాళ్ళ నొప్పులు, ఒంటి మీద కమిలినట్టు మచ్చలు వచ్చాయి. విశాఖలో మజ్జ పరీక్ష చేసి లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ అన్నారు, అందులో ఏఎల్ఎల్ అనే రకం. మొదటి నెలల కీమో గురించి ఎక్కువ రాయను. రైళ్ళు, సెలైన్లు, వాంతులు, రాలిపోయిన జుట్టు. ఆ వార్డులో ఉన్న అమ్మలందరిదీ అదే కథ. తర్వాత మెయింటెనెన్స్ మొదలైంది, అంటే జబ్బు తిరిగి రాకుండా ఇంటి దగ్గరే వాడే కీమో. రోజూ రాత్రి 6-ఎంపీ మాత్ర, వారానికోసారి మెథోట్రెక్సేట్, మధ్యమధ్యలో విశాఖ వెళ్ళి ఇంజెక్షన్. ఇంటికొచ్చేశాం కదా, గండం గడిచిందనుకున్నాం.

కరోనా రోజుల్లో మా వీధిలో తిప్పతీగ కషాయం తాగని ఇల్లు లేదు. మా పెరటి కంచె మీదా అల్లుకుని ఉండేది. మా అత్తమ్మ రోజూ పొద్దున్నే ఆ కాడలు దంచి, రసం తీసి వాడికి పట్టేది. "ఏటవుతాదే, ఆకే కదా. గుంటడికి బలమొస్తాది" అనేది. దానికి తోడు సంతలో ఒకాయన దగ్గర ఏదో పొడి కొనుక్కొచ్చింది. పొట్లం మీద పేరు లేదు, అందులో ఏం కలిపారో లేదు. తెల్లకణాలు పెరుగుతాయని చెప్పాడట. నాకు తెలుసు. వద్దనలేదు. ఒళ్ళంతా ఎముకలే కనిపిస్తున్న పిల్లాణ్ణి చూస్తూ నేనూ ఆశపడ్డాను. ఆసుపత్రిలో మాత్రం చెప్పలేదు. వాళ్ళూ అడగలేదు. అన్నిసార్లు ఓపీకి వెళ్ళాం, ఇంకేమైనా ఇస్తున్నారా అని ఒక్కరూ అడగలేదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

2022 నవంబరులో ఒక రాత్రి పదకొండింటికి వాడి ఒళ్ళు పట్టుకుంటే కాలిపోతోంది. థర్మామీటరు 102 చూపించింది. 100.4 దాటితే తెల్లారేదాకా ఆగొద్దని ముందే చెప్పారు. ఊళ్ళో ఆసుపత్రికి పరిగెత్తాం. అక్కడి డాక్టరు ఫైలు చూసి, విశాఖకు ఫోన్ చేసి, వెంటనే యాంటీబయోటిక్ ఎక్కించారు. ఆయనకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. తర్వాత టార్చి వేసి వాడి కనురెప్ప కిందకి లాగి చూసి, "కళ్ళు పచ్చబడ్డాయి, ఎప్పట్నుంచి?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. అంతకు రెండు రోజుల ముందే వాడి మూత్రం ముదురు పసుపుగా ఉంటే, ఎండకి అనుకున్నాను.

కారు మాట్లాడుకుని బయల్దేరాం. వాడు నా ఒడిలో, ముందు సీట్లో మా వారు. పార్వతీపురం దాటేదాకా నేను నోరు విప్పలేదు. కషాయం సంగతి చెబితే ఆయన వాళ్ళమ్మని ఏమంటారో, చెప్పకపోతే వాడికి ఏమవుతుందో. మా ఊరి అమ్మవారు మజ్జిగౌరమ్మకు మొక్కుకుంటూనే ఉన్నాను. బొబ్బిలి దగ్గర వాడు నిద్రలో కలవరిస్తూ నన్ను గుర్తుపట్టలేదు. అప్పుడు చెప్పేశాను. ఆయన వెనక్కి తిరగలేదు. ఫోన్ తీసి ఆసుపత్రికి చేశారు. ఎత్తిన నర్సు ఒకే మాట అన్నది: "ఆ పొట్లం మీ దగ్గర ఉందా? ఉంటే పారెయ్యకండి, పట్టుకురండి." ఆ అమ్మాయి గొంతులో తప్పుపట్టడం లేదు. ఆ రాత్రంతటిలో నాకు దొరికిన ఊరట అదే.

ఎస్‌జీపీటీ అనే లివర్ పరీక్ష 40 లోపు ఉండాలట, వాడికి 900 దాటింది. క్రిములతో పోరాడే తెల్లకణాలు, న్యూట్రోఫిల్స్, 300కి పడిపోయాయి. పదకొండు రోజులు వార్డులో ఉన్నాం. కీమో మాత్రలు మూడు వారాలు ఆపేశారు. మందు ఆగితే జబ్బు తిరిగొస్తుందేమోనని ఆ మూడు వారాలూ నాకు నిద్ర లేదు.

మూడో రోజు మా అత్తమ్మ వచ్చింది. అప్పుడే ఒక చిన్న డాక్టరు రిపోర్టు చూస్తూ, "ఇంట్లో విషం పెట్టి మా దగ్గరికి తీసుకొస్తారు" అన్నాడు, ఆవిడ ముందే. ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మా చిన్నోడికి జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేస్తూ కూర్చున్న మనిషి ఆవిడ. అతన్ని నేను క్షమించలేదు.

పెద్ద డాక్టరు మాత్రం ఆవిడ పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఈ ఆకు వల్లే అని నేను గట్టిగా చెప్పలేనమ్మా. మా మందులూ లివర్‌ని దెబ్బతీస్తాయి. కానీ తిప్పతీగ వాడిన కొందరికి లివర్ పాడైందని 2021లో ముంబై డాక్టర్లు రాశారు. ఒకేసారి రెండు బరువులు పడితే ఏది ఎక్కువైందో మాకు తెలియదు, దేన్ని తగ్గించాలో తెలియదు" అన్నారు. వీడి జబ్బే తెల్లకణాలదనీ, మందులతో వాటిని కావాలనే ఒక మోతాదులో తగ్గించి ఉంచుతారనీ, పెంచుతానన్న పొడి మీద నమ్మకం పెట్టుకోవద్దనీ చెప్పారు. పచ్చి రసంతో క్రిములు కూడా లోపలికి పోతాయన్నారు.

"మరి ఆకుమందే పనికిరాదంటారా బాబూ?" అని అడిగింది అత్తమ్మ. ఆయన చెప్పింది మర్చిపోలేను. వాడికి ఎక్కించే విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ మన వాకిట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచే వచ్చిందట. శరీర వైశాల్యం లెక్కగట్టి చదరపు మీటరుకు 1.5 మిల్లీగ్రాములు ఇస్తారు, ఎంత పెద్ద పిల్లాడైనా 2 దాటనివ్వరు. "ఆకులో శక్తి ఉంది కాబట్టేనమ్మా భయం" అన్నారు.

మీ ఇంట్లో ఇలాంటి పిల్లలుంటే అన్నీ చెప్పండి. ఆకులూ పొడులే కాదు. మేము షాపులో కొన్న బలం టానిక్ కూడా ఆపించారు, అందులో ఫోలిక్ యాసిడ్ ఉందట. మెథోట్రెక్సేట్ పనిచేసేదే ఆ ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడి. కూరలో పసుపు వేసుకోవచ్చు, పసుపు క్యాప్సూల్స్ వద్దన్నారు. తిడతారని భయపడి దాచకండి. తిడితే తిట్టనివ్వండి.

అత్తమ్మకు ఆయన ఒక పని అప్పగించారు. కాచి చల్లార్చిన నీళ్ళు, బాగా ఉడికిన అన్నం పప్పు, తొక్క తీసిన పండు, ఈ మూడూ ఆవిడ చేతి మీదుగానే. అప్పటి నుంచి ఆవిడ ఒక సంచీ పెట్టుకుంది. వాడి నోట్లోకి వెళ్ళే ఏ కొత్త వస్తువైనా అందులో వేసి ఓపీకి తీసుకొచ్చేది. తేనె, వాము, ఎవరో ఇచ్చిన లేహ్యం. ఒకసారి, "అమ్మవారి తీర్థం ఇవ్వొచ్చా బాబూ?" అని అడిగింది. ఆయన నవ్వలేదు. "మీరు కాచిన నీళ్ళే అమ్మవారి ముందు పెట్టి, అదే ఇవ్వండి" అన్నారు. రెండేళ్ళు అదే తీర్థం.

2024లో మాత్రలు ఆపేశారు. రక్తపరీక్షలు బాగున్నాయని తేలాక మొక్కు తీర్చుకోవడానికి మజ్జిగౌరమ్మ గుడికి వెళ్ళాం. పూజారి తీర్థం గిన్నె పట్టుకుని వచ్చారు. చాపబోతున్న వాడి చెయ్యి పట్టుకుని ఆపి, అత్తమ్మ నా వైపు చూసింది. నేను తలూపాను. వాడు దోసిలి పట్టాడు.