బుల్లాలో చలికాలపు గులాబీ

జులై చలిలో మెల్‌బోర్న్ ఎయిర్‌పోర్టు దగ్గర్లోని బుల్లా వెళ్ళాం, కొత్త గులాబీ రకాలు పుట్టించిన అలిస్టర్ క్లార్క్ గులాబీల తోట చూద్దామని. చుట్టూ చాలా మొక్కలు మోడుల్లా ఉంటే, 'లొరైన్ లీ' మాత్రం నిండా పూసి ఉంది! 1924 నాటి రకం. క్లార్క్ దాని వంశంలోకి తెచ్చిన రోజా జైగాంటియా మన మణిపూర్ కొండల్లోనూ పెరిగే అడవి తీగట. పరాయి ఊళ్ళో చుట్టం కనబడ్డట్టు మురిసిపోయాను.

1949లో ఆయన పోయాక చాలా రకాలు కనుమరుగయ్యాయి. కొన్నిటిని పాత పెరళ్ళలో వెతికి పట్టుకుని, అంటుకట్టి నిలబెట్టారు.

మా అమ్మ నాటు గులాబీ కొమ్మ కొసకి పేడ ముద్ద పెట్టి పక్కింటి పిన్నిగారికి ఇచ్చేది. మా పెరడు ఇప్పుడు లేదు. పిన్నిగారికి ఫోన్ చేసి అడగాలి, ఆ మొక్క ఉందా అని.