చెయ్యెత్తడం పిల్లలకు నేర్పాను, కౌంటర్ దగ్గర నాకెవరూ నేర్పలేదు: జూనియర్ రోయింగ్ పోటీలో టీమ్ మేనేజర్‌గా నా అనుభవం

తెడ్లతో పడవ నడిపే ఆ పోటీ నిన్ననే అయిపోయింది. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా, వారం ఆగితే మర్యాదగా రాస్తానేమోనని భయం.

ఎంట్రీలు, వయసు కాగితాలు పెద్ద పనేం కాదు. 18 నిండే సంవత్సరం డిసెంబర్ 31 వరకు జూనియరే, పుట్టినరోజు ఏ నెలలో పడిందన్నది లెక్కలోకి రాదు. కాక్స్, అంటే తెడ్డు వేయకుండా బోటుని నడిపించేవాళ్ల బరువు, 55 కిలోలకు తగ్గితే ఆ తేడాకి సరిపడా బరువు బోటులో పెట్టుకోవాలి, అది కూడా 15 కిలోలు దాటకూడదు. తూకం దగ్గర నవ్వుతూ పంపేశారు.

బోటు చెకింగ్ దగ్గర మాత్రం విసుక్కోకండి. ముందు కొనకు తెల్లటి మెత్తని బంతి ఉందా, బూట్ల మడమకు కట్టిన తాడు 7 సెంటీమీటర్ల కంటే పైకి లేవనివ్వకుండా ఉందా అని ఒక్కొక్కటీ లాగి చూస్తారు. బోటు తిరగబడితే బూటు మడమ ఆ తాడు దగ్గర ఆగాలి, పాదం బూటులోంచి దానంతటదే ఊడి రావాలి. పక్క జట్టు వాళ్ల తాడు వదులుగా ఉందని వెనక్కి పంపితే వాళ్ల కోచ్ గొడవ పెట్టుకున్నాడు. నేనైతే ముందు రోజు రాత్రే స్కేలు పెట్టి అన్నీ కొలిచి పెట్టుకున్నా, మాది ఒక్క బోటు కూడా ఆపలేదు.

మేనేజర్ల మీటింగ్‌లో సగం మంది ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. వార్మప్‌కి ఏ వైపు నుంచి వెళ్లాలి, రేసు వస్తుంటే ఎక్కడ ఆగిపోవాలి, స్టార్ట్ టైమ్‌కి కనీసం 2 నిమిషాల ముందు లేన్‌లో ఉండాలి, ఒక ఫాల్స్ స్టార్ట్‌కి, అంటే సిగ్నల్ రాకముందే బయల్దేరితే, పసుపు కార్డు, రెండోదానికి ఇంటికే. ఇవన్నీ అక్కడే చెప్తారు. తర్వాత ఏడ్చేదీ ఆ ఫోన్ల బ్యాచే.

ఇక అసలు సంగతి. అమ్మాయిల డబుల్ స్కల్ (ఇద్దరు, ఒక్కొక్కరికి రెండేసి తెడ్లు) హీట్‌లో, అంటే తొలి రౌండ్ రేసులో, మొదటి మూడు బోట్లకే పై రౌండ్. సగం దూరం దాటాక పక్క లేన్ బోటు మా వైపు జరగడం మొదలుపెట్టింది. వెనక లాంచ్‌లో (మోటారు పడవలో) వస్తున్న అంపైర్ తెల్ల జెండా ఎత్తి, ఆ జట్టు పేరు పిలిచి, ఏ వైపు తిరగాలో జెండాతో చూపించారు. వాళ్లు సర్దుకున్నారు కానీ ఈలోపు వాళ్ల తెడ్లు మా లేన్‌లోకి వచ్చాయి, బోటు లేపిన అలలు మా వాళ్లకు తగిలాయి, లయ దెబ్బతింది. నాలుగో స్థానం.

ఫినిష్ దాటగానే మా స్ట్రోక్ సీట్ అమ్మాయి (బోటులో లయ పట్టేది తనే) ఆయాసంలోనే చెయ్యెత్తింది. అభ్యంతరం ఉంటే నీళ్ల మీద, అప్పుడే, అంపైర్‌కే చెప్పాలి, ఒడ్డుకొచ్చాక ఎంత గోల చేసినా లాభం లేదని ట్రైనింగ్‌లో వాళ్లు విసుక్కునేదాకా చెప్పిందీ నేనే. అంపైర్ ఓపిగ్గా విన్నారు, ఒప్పుకోలేదు, రేసు సక్రమంగానే జరిగిందని తెల్ల జెండా ఎత్తి చూపించారు. అక్కడి నుంచి రాతపూర్వకంగా ప్రొటెస్ట్ ఇవ్వడానికి మాకు ఒక గంట.

ఒడ్డున అప్పటికే మా జట్టు పేరెంట్ ఒకాయన అవతలి పిల్లల మీద అరుస్తున్నాడు. పదహారేళ్ల పిల్లలండీ వాళ్లు! ఆయన్ని పక్కకి లాక్కెళ్లి కూర్చోబెట్టడానికే కొంత టైమ్ పోయింది. మీ జట్టులోనూ ఇలాంటి ఒకాయన ఉంటాడు, రేసు రోజు ఆయనకి నీళ్ల బాటిళ్లు మోసే డ్యూటీ వేయండి.

తర్వాత ఆఫీసు కౌంటర్. నా మెడలో మేనేజర్ బ్యాడ్జి వేలాడుతూనే ఉంది. కూర్చున్నాయన తలెత్తకుండా "పేరెంట్స్ బయట ఉండాలి" అన్నాడు. పేరెంట్‌ని కాదు, మేనేజర్‌ని అన్నా. "ప్రొటెస్ట్ కోచ్ ఇవ్వాలి." కోచ్ ఇంకో జట్టుతో స్టార్ట్ దగ్గర ఉన్నాడు, జట్టు తరఫున నేనూ ఇవ్వొచ్చు అని ఫోన్‌లో రూల్ తీసి చూపించా. "నాకు రూల్స్ నేర్పుతున్నావా?" అన్నాడు, వెనక లైన్లో పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు అందరూ వింటుండగా. ఎవడో కిసుక్కుమన్నాడు కూడా. ఫారం ఇవ్వండి అంటే రెండో టేబుల్ అన్నాడు, రెండో టేబుల్ వాళ్లు మొదటి టేబుల్ అన్నారు, మళ్లీ వస్తే ఆయన టీకి వెళ్లాడు. గడియారం చూస్తుంటే చెమటలు పట్టాయి. చివరికి రిజల్ట్స్ అంటిస్తున్న ఒక పెద్దావిడ జాలిపడి, "ఫారం అంటూ ఏమీ లేదు బాబూ, తెల్ల కాగితం మీద రేసు నంబరు, లేను, ఏం జరిగిందో, ఏ రూలో రాసి డిపాజిట్ కట్టు" అన్నారు. గోడకి ఆనించి రాసి, చిల్లరతో సహా డిపాజిట్ కట్టి, గంట నిండే ముందు చేతిలో పెట్టా.

ప్రొటెస్ట్ మీద తీర్పు చెప్పే జ్యూరీ మా స్ట్రోక్ సీట్ అమ్మాయిని పిలిచి అడిగింది, తెడ్డు తగిలిందా అని.

"లేదు సర్. అలలు తగిలాయి. రెండు మూడు స్ట్రోక్‌లు పోయాయి."

"అవి పోకపోతే మూడో బోటుని అందుకునేవాళ్లా?"

నేను ఆ పిల్ల వైపే చూస్తున్నా. ఒక్క క్షణం ఆలోచించి, "కష్టం సర్, వాళ్లు అప్పటికే చాలా ముందున్నారు" అంది.

అంతే. ప్రొటెస్ట్ కొట్టేశారు, డిపాజిట్ వాళ్ల దగ్గరే ఉండిపోయింది. నాకు ఒళ్లు మండలేదంటే అబద్ధం, ఆ కౌంటర్ దగ్గర అన్ని మాటలు పడ్డది దీనికోసమా అనిపించింది. బయటికి రాగానే ఆ పిల్ల అవతలి జట్టు అమ్మాయిలతో కలిసి వాళ్ల బోటుకి ఒక చెయ్యి వేసి బోట్లు పెట్టే రాక్ మీద పెట్టించింది. తిట్టడానికి నాకు నోరు రాలేదు.

మేనేజర్లుగా వెళ్లేవాళ్లు బ్యాగులో తెల్ల కాగితాలు, పనిచేసే పెన్ను, డిపాజిట్‌కి సరిపడా చిల్లర, రూల్స్ ప్రింట్ పెట్టుకోండి. ఫోన్‌లో చూపిస్తే కౌంటర్ వాళ్లకి ఎక్కడలేని పౌరుషం వస్తుంది. ఆ కౌంటర్ ఆయన మీద ఫిర్యాదు కూడా రాసి పెట్టుకున్నా. ఎక్కడ ఇవ్వాలని ఆ పెద్దావిడని అడిగితే నవ్వి ఆ కౌంటరే చూపించారు.